ఎర్ర త్రికోణం దాటితే

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, కడప జిల్లాలో చాలా ఇళ్లలో ఇడుపులపాయ పేరు మోగిపోతుంటుంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో నూజివీడు, బాసరలతో పాటు ఇక్కడ కూడా క్యాంపస్ పెట్టింది. జనం నోట అది 'ట్రిపుల్ ఐటీ'. టెన్త్ మార్కుల మీద సీటు, ఆరేళ్ల చదువు, ఉండటం తినడం అన్నీ అక్కడే. దరఖాస్తు పెట్టాలన్నా ఫీజు కట్టాలన్నా ఆన్‌లైన్ తప్ప వేరే దారి లేదు. అందుకే ఆ రోజుల్లో వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నెట్ సెంటర్ల గడప ముందు చెప్పులు గుట్ట పడుతుంటాయి.

అలాంటి సెంటర్లో ఓ గంట కూర్చుంటే ఈ సంభాషణ ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది.

"ఏమప్పా, ఎర్రగా ఏందో వచ్చిందే?"

"ఏం కాదు మామా. అది అట్నే వస్తాది. నొక్కేస్తే పోతాది."

నిజమే, నొక్కేస్తే పోతుంది. తెల్ల పేజీ, దాని మీద ఆశ్చర్యార్థకం ఉన్న ఎర్ర త్రికోణం, కింద 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అనే వాక్యం. ఫోను తెలుగులో పెట్టుకున్నవాళ్లకు 'మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు' అని కనిపిస్తుంది. వెనక్కి వెళ్లిపొమ్మనే నీలం బటన్ పెద్దగా ఉంటుంది. పక్కన వెలిసిపోయినట్టుండే 'అడ్వాన్స్‌డ్'. దాన్ని నొక్కితే కింద సన్న అక్షరాల్లో 'ప్రొసీడ్', ఆ చివర 'అన్‌సేఫ్' అన్న మాట. రెండు నొక్కులు, ఫీజు పేజీ ప్రత్యక్షం. ఆ రెండు నొక్కుల మధ్య ఏం ఒప్పుకున్నామో ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రికి తెలియదు, పక్కనున్న కూతురికి తెలియదు. చాలాసార్లు సెంటర్ నడిపే కుర్రాడికీ తెలియదు.

ముందే ఒక తేడా చెప్పుకోవాలి. పేజీ మొత్తం నెత్తురులా ఎర్రబడితే అది వేరే హెచ్చరిక. 'ఇది మోసపు సైటు అని మా జాబితాలో ఉంది' అని గూగుల్ చెప్పడం. మన కథ దాని గురించి కాదు. తెల్ల పేజీ మీది ఎర్ర త్రికోణం ఎవరినీ దొంగ అనదు. 'అవతల ఉన్నది ఎవరో నేను తేల్చుకోలేకపోయాను' అంటుంది, అంతే. డబ్బు చేతులు మారే చోట ఆ మాట బరువు ఎంతో బంగారం కొనేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

రెండో బొంబాయిగా పేరుపడ్డ ప్రొద్దుటూరునే తీసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి నగ మీద ఆరక్షరాల హెచ్‌యూఐడీ ముద్ర లేకుండా అమ్మకూడదన్నది నిబంధన. ముద్ర వేసేది దుకాణదారు కాదు, బీఐఎస్ గుర్తించిన పరీక్షా కేంద్రం. కొనేవాళ్లు సేటును నమ్మక్కర్లేదు, ముద్రను నమ్మితే చాలు. అయితే ఆ ముద్ర చెప్పేది బంగారం స్వచ్ఛత ఒక్కటే. తరుగు ఎంత వేశాడు, మజూరీ ఎంత గుంజాడు అన్నది దానికి పట్టదు. వెబ్‌సైటు సర్టిఫికెట్‌దీ అదే తీరు. 'ఈ చిరునామా ఫలానా వాళ్ల చేతిలోనే ఉంది' అని మూడో మనిషి వేసే ముద్ర అది. ఆ మూడో మనిషిని సర్టిఫికెట్ అథారిటీ అంటారు. ఎవరి ముద్రలు చెల్లుతాయో ఆ జాబితా మన ఫోనులో, కంప్యూటర్లో ముందే ఉంటుంది. దాన్ని నిర్ణయించేది గూగుల్, ఆపిల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా.

ఈ ఏర్పాటు పుట్టిందే డబ్బు కోసం. ఇంటర్నెట్‌లో కార్డు నంబరు పంపితే దారిలో ఎవరూ చదవకుండా ఉండాలని నెట్‌స్కేప్ కంపెనీ 1990ల నడుమ ఎస్ఎస్ఎల్ అనే పద్ధతి తెచ్చింది. 1999లో దానికి టీఎల్ఎస్ అని కొత్త పేరు వచ్చింది. పని మారలేదు: పంపేది తాళం వేసి పంపడం, తాళంచెవి సరైన మనిషి దగ్గరే ఉందని రుజువు చూడటం. మొదటిది ఉండి రెండోది లేకపోతే, కార్డు నంబరును భద్రంగా తాళం వేసి మరీ దొంగకు అందించినట్టవుతుంది. ఎర్ర త్రికోణం మనల్ని ఆపేది ఈ రెండో దాని కోసమే.

బ్రౌజరు ముఖ్యంగా చూసేవి మూడు. సర్టిఫికెట్ మీది పేరు, మనం తెరిచిన చిరునామా ఒకటేనా? దాని గడువు ఉందా? ముద్ర వేసినవాళ్లు జాబితాలో ఉన్నారా? ఏది తప్పిందో పేజీ అడుగున చిన్న కోడ్‌లో ఉంటుంది. అందులో 'డేట్' అన్న మాట కనిపిస్తే గడువు సమస్య, 'కామన్ నేమ్' అని ఉంటే పేరు సమస్య, 'అథారిటీ' అని ఉంటే ముద్ర సమస్య. ఈ మూడు మాటలు గుర్తుంటే సగం కంగారు తగ్గుతుంది.

వీటిలో గడువు తంటా తరచూ వచ్చేదే, అందులోనూ వింత ఒకటుంది. తప్పు సైటుది కాకుండా మన యంత్రానిదే కావచ్చు. పాత డెస్క్‌టాప్‌లో బిళ్లలాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. నిన్న పుట్టిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. ఇక ప్రతి బ్యాంకూ దొంగలాగే కనిపిస్తుంది. ఎన్ని సైట్లు తెరిచినా త్రికోణమే వస్తోందంటే ముందు తేదీ చూడాలి. పదుల రూపాయల బ్యాటరీతో పోయే జబ్బు అది.

ముసలి యంత్రాలకు ఇంకో జబ్బు ఉంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో సెలవు చెప్పింది, క్రోమ్ 2023 మొదట్లో చెప్పింది. కొత్త ముద్రల జాబితా వాటికి సరిగా అందదు. 2021 సెప్టెంబరు 30న ఇలాంటిదే ప్రపంచమంతా జరిగింది. కోట్ల సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆసరా చేసుకున్న ఒక పాత రూట్ సర్టిఫికెట్ (మిగతా ముద్రలకు మూలమైన ముద్ర) గడువు ఆ రోజుతో తీరింది. అప్‌డేట్ లేని పరికరాల్లో నిన్నటిదాకా తెరుచుకున్న సైట్లు తెల్లారేసరికి మొరాయించాయి. సైట్లు బాగానే ఉన్నాయి, చూసే కళ్లే పాతవి.

'అథారిటీ' గొడవకు మన దేశానికి సొంత చరిత్ర ఉంది. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాల్సిందే.

2000 నాటి ఐటీ చట్టం కింద ఢిల్లీలో కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ అనే కార్యాలయం ఏర్పడింది, పొట్టిగా సీసీఏ. భారతదేశపు అసలు ముద్ర, అంటే రూట్, వీళ్ల దగ్గర ఉంటుంది. దాని కింద లైసెన్సు పొందిన సంస్థలు ముద్రలు వేస్తాయి. వాటిలో ఒకటి హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకుల సాంకేతిక అవసరాల కోసం రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన సంస్థ అది. 2014 నాటికి మరొకటి ప్రభుత్వ వెబ్‌సైట్లు నడిపే ఎన్ఐసీ. మైక్రోసాఫ్ట్ తన విండోస్ జాబితాలో భారత రూట్‌కు చోటిచ్చింది. మొజిల్లా ఇవ్వలేదు.

2014 జులై 2న గూగుల్ ఇంజినీర్ల కంట ఒకటి పడింది. గూగుల్ చిరునామాలకు తమకు తెలియకుండా ఎవరో సర్టిఫికెట్లు పుట్టించారు. వాటి మీద ఉన్న ముద్ర మన ఎన్ఐసీది. ఆ కాగితం చేతిలో ఉన్నవాడు నెట్‌వర్క్ మధ్యలో కూర్చుంటే 'నేనే గూగుల్' అని చెప్పగలడు, విండోస్‌లో చాలా ప్రోగ్రాములు అవునని తలూపుతాయి. త్రికోణమే రాదు. మర్నాడే సీసీఏ ఎన్ఐసీ సర్టిఫికెట్లను రద్దు చేసింది. ఎన్ఐసీ జారీ ప్రక్రియలోకి చొరబాటు జరిగిందనీ, తప్పుగా పుట్టినవి నాలుగేననీ, మూడు గూగుల్‌వి, ఒకటి యాహూదనీ చెప్పింది. గూగుల్ ఒప్పుకోలేదు. ఆ నాలుగులో లేనివి కూడా తమ దృష్టికి వచ్చాయనీ, చొరబాటు ఎంతవరకు పాకిందో తెలియదనే అనుకోవాల్సి వస్తోందనీ అంది. జులై 10న మైక్రోసాఫ్ట్ విండోస్‌కు దిద్దుబాటు పంపింది. క్రోమ్ కూడా భారత రూట్‌కు కంచె వేసింది. గవ్ డాట్ ఇన్, ఎన్ఐసీ, ఏసీ డాట్ ఇన్, రిజర్వు బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇండియా వంటి ఏడు చిరునామాల పరిధి దాటితే ఆ ముద్ర చెల్లదంది.

నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే కంపెనీకి 2011లో ఇంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. దాని ముద్ర దొంగిలించి ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద నిఘా పెట్టారు. సంగతి బయటపడ్డ నెల తిరక్కుండానే ఆ కంపెనీ దివాలా తీసింది. మనది ప్రభుత్వ కార్యాలయం కనుక దివాలా తీయలేదు. కానీ పరువు పోయిన ముద్రతో దేశం వెళ్లదీసింది. ఎన్ఐసీ ముద్రతో ఉన్న ప్రభుత్వ పేజీలు ఫైర్‌ఫాక్స్‌లో హెచ్చరిక చూపేవి. 'ఈ రూట్ సర్టిఫికెట్ దించుకుని మీ కంప్యూటర్లో ఎక్కించుకోండి' అని సలహాలు వచ్చేవి. అంటే ఇంటి తాళాన్ని మీరే మార్చుకోండి అని. బెంగళూరు కంపెనీ ఈముద్ర తరవాతి ఏళ్లలో సొంత రూట్‌ను బ్రౌజర్ల జాబితాలోకి ఎక్కించుకోగలిగింది. ప్రైవేటు కంపెనీకి చేతనైన ఆ పని ప్రభుత్వానికి ఎందుకు కాలేదో అడగాల్సిన ప్రశ్నే.

నెట్ సెంటర్ కుర్రాణ్ని తప్పుపట్టేముందు ఇదంతా లెక్కలోకి తీసుకోవాలి. 'అడ్వాన్స్‌డ్, ప్రొసీడ్' అన్న రెండు నొక్కుల పాఠం వాడికి చెప్పింది సైబర్ దొంగలు కాదు, మన సంస్థలే. జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం వాడిన ఏ ట్యాక్స్ ప్రాక్టీషనర్‌నైనా అడగండి. ఈమ్‌సైనర్ అనే సంతకం ప్రోగ్రాం పనిచేయకపోతే 127.0.0.1 అన్న చిరునామా తెరిచి, వచ్చిన హెచ్చరికను దాటమని చెబుతారు. ఆ చిరునామా మన కంప్యూటర్‌దే కనుక అక్కడ దాటితే నష్టమేమీ లేదు. కానీ నెలకు నాలుగుసార్లు అక్కడ దాటిన వేలు, ఐదోసారి బ్యాంకు పేజీలో ఆగుతుందా? చాలా కాలేజీల వైఫైలో ఫైర్‌వాల్ పెట్టి, దాని సర్టిఫికెట్‌ను పిల్లల ల్యాప్‌టాప్‌లలో వేసుకోమంటారు. వేసుకోకపోతే ప్రతి సైటుకూ త్రికోణం. వేసుకుంటే ఆ నెట్‌వర్క్ నడిపేవాళ్లు తలచుకుంటే మధ్యలో విప్పి చదవగలరు. పద్దెనిమిదేళ్లు నిండకముందే హెచ్చరికంటే అడ్డు తప్ప అర్థం లేదని పిల్లలకు నేర్పేశాం. మనుషులు మాటిమాటికీ వచ్చే అబద్ధపు కేకను పట్టించుకోవడం మానేస్తారు, అది వాళ్ల తెలివితక్కువతనం కాదు.

డబ్బు కట్టేటప్పుడు ఇంకో చిక్కుంది. మనం ఒక సైటులో ఉన్నామనుకుంటాం గానీ నిజానికి కనీసం మూడు చేతులు మారతాం. కాలేజీ పేజీ నుంచి పేమెంట్ గేట్‌వేకు, అక్కడి నుంచి ఓటీపీ అడిగే బ్యాంకు పేజీకి, మళ్లీ వెనక్కి కాలేజీకి. త్రికోణం ఎక్కడ వచ్చిందన్న దాన్నిబట్టి అర్థం మారిపోతుంది.

మొదటి గడపలోనే వస్తే పోయిందేమీ లేదు. పేజీ మూసేసి, చిరునామా మళ్లీ అక్షరం అక్షరం కొట్టి, వేరే నెట్‌వర్క్ మీద చూడాలి. బస్టాండు వైఫైలో వచ్చిన త్రికోణం ఫోను డేటా మీద రాకపోతే లోపం ఆ వైఫైలోనే ఉంది. కార్డు నంబరు, సీవీవీ, ఓటీపీ అడిగే చోట వస్తే మాత్రం అక్కడితో ఆపేయాలి. ఇందులో రెండో మాట లేదు. ఫీజు గడువు ఆ రాత్రికే ఉన్నా సరే. చాలా బ్యాంకులు హెచ్ఎస్‌టీఎస్ అనే కట్టుబాటు పెట్టుకున్నాయి. దాని వల్ల 'ప్రొసీడ్' లింకు అసలు కనిపించదు. దాటే దారి లేదని వేరే పాత బ్రౌజరు తెరిచి ప్రయత్నించే మేధావులు ఉన్నారు. తలుపు వేసింది చూసి కిటికీ దూకడమే అది.

మనవాళ్లను అసలు బెంబేలెత్తించేది మూడో చోటు. ఓటీపీ కొట్టారు, 'డబ్బులు కట్ అయినాయి' అని మెసేజ్ వచ్చింది, తిరిగి కాలేజీ పేజీ తెరుచుకునేటప్పుడు త్రికోణం. రసీదు లేదు. గుండె జారిపోతుంది, చెయ్యి మళ్లీ 'పే' బటన్ మీదకు పోతుంది. ఆ చెయ్యి ఆపాలి. డబ్బు సంగతి బ్యాంకులూ గేట్‌వే తమలో తాము తేల్చుకుంటాయి, మన తెర మీద పేజీ తెరుచుకోకపోయినా ఆ లెక్క ఆగదు. మెసేజ్‌లోని లావాదేవీ నంబరు రాసుకుని, దరఖాస్తు పేజీలో స్థితి కొంతసేపటి తరవాత చూడాలి. కార్డు మీద కట్టిన సొమ్ము ఖాతా నుంచి పోయి సంస్థకు నిర్ధారణ చేరకపోతే ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. ఈ 100 రూపాయల సంగతి అడిగి తీసుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎందరుంటారో!

ఇక నాణేనికి రెండో వైపు. త్రికోణం రాలేదు కనుక సైటు మంచిదేనా?

2023 ఏప్రిల్‌లో తిరుమల వన్ టౌన్ పోలీసులు నమోదు చేసిన కేసు చూడండి. అప్పట్లో టీటీడీ అసలు చిరునామా 'తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. నకిలీది 'తిరుపతిబాలాజీ'కి అడ్డగీత, 'ఏపీ'కి అడ్డగీత, 'గవ్', చివర 'డాట్ ఆర్గ్'. చుక్కల చోట గీతలు పెట్టారు, తోక మార్చారు. పేజీ చూడ్డానికి అచ్చు అసలుదే. ఇలాంటి నకిలీ సైట్ల మీద టీటీడీ అప్పటికే పదుల సంఖ్యలో ఫిర్యాదులు చేసి ఉంది. దేవుని కడప మీదుగా కొండకు వెళ్లే ఆనవాయితీ ఉన్న మన జిల్లాలో గది కోసమో దర్శనం టికెట్ కోసమో వెతకని ఇల్లు ఉండదు, దొంగలకు అది తెలుసు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, 'డాట్ ఆర్గ్' పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు, కొనుక్కున్న పేరుకు ఉచితంగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అప్పుడు బ్రౌజరు చూసే మూడింటికీ జవాబు సరిగ్గానే ఉంటుంది. పేరు సరిపోయింది, గడువు ఉంది, ముద్ర చెల్లుతుంది. ఆ పేరే మోసం. త్రికోణం ఎందుకు వస్తుంది?

ఏళ్ల తరబడి బ్యాంకులూ పత్రికలూ 'తాళం గుర్తు ఉందా చూసుకోండి' అని ఊదరగొట్టాయి. ఆ సలహా చెల్లిపోయింది. క్రోమ్ 2023 సెప్టెంబరులో తాళం బొమ్మనే తీసేసింది. జనం దాన్ని 'నమ్మకమైన సైటు' అని పొరబడుతున్నారన్నదే కారణం. ఇప్పుడు చూడాల్సింది చిరునామా తోకను. ('హెచ్‌టీటీపీఎస్' పక్కనున్న జంట గీతలు కాక) మొదటి ఏటవాలు గీత ముందు ఆగి, అక్కడి నుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకు చదవాలి. 'గవ్ డాట్ ఇన్' అన్నది చిట్టచివర ఉంటేనే ప్రభుత్వానిది, మధ్యలో ఎక్కడో ఉంటే కాదు. టీటీడీ 2024 జనవరిలో చిరునామా మార్చి 'టీటీదేవస్థానమ్స్' అని పెట్టింది. తోక మాత్రం అదే, ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. బ్యాంకులకూ ఇలాంటి తోకే రావాలని రిజర్వు బ్యాంకు 2025లో 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' తెచ్చింది. బ్యాంకులన్నీ ఆ ఏడాది అక్టోబరు 31లోగా మారాలంది. ఆ పేర్లు ఇచ్చే హక్కు ఒక్క ఐడీఆర్‌బీటీకే, పైన చెప్పుకున్న మాసబ్ ట్యాంక్ సంస్థకే, అప్పగించింది. లైసెన్సు లేనివాడు ఆ తోక కొనలేడు. సర్టిఫికెట్ల విషయంలో దెబ్బతిన్న చోట పేర్ల విషయంలోనైనా పట్టు బిగించారు, మంచి పని.

ఫోన్‌పే, గూగుల్ పేలలో ఈ త్రికోణం ఎప్పుడూ చూడలేదే అనుకుంటున్నారా? ఆ పరీక్ష యాప్ లోపల జరిగిపోతుంది. సరిపడకపోతే యాప్ కలవదు, అంతే, దాటడానికి లింకు ఉండదు. అందుకే యూపీఐ మోసగాళ్లు సర్టిఫికెట్ల జోలికి పోకుండా మన చేతనే పిన్ కొట్టించుకుంటారు.

దాటేశాం, కార్డు వివరాలు కొట్టేశాం, తరవాత అనుమానం వచ్చింది. అప్పుడు? బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా బయటివాళ్లదైతే, మూడు పనిదినాల్లో తెలియజేసినవారికి నష్టం అంటదు. మన నిర్లక్ష్యం వల్ల జరిగిందని తేలితే మాత్రం బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనదే. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీదే ఉంది. ఆ పేజీని ఫొటో తీసి ఉంచుకోండి, అడుగున ఉన్న కోడ్‌తో సహా. నోటిమాటగా 'ఏదో ఎర్రగా వచ్చింది సార్' అనడం కంటే అది ఎంతో నయం.

ఇదంతా కట్టేవాళ్ల వైపు. కట్టించుకునేవాళ్ల వైపు పని మిగిలే ఉంది, పైగా పెరగబోతోంది. సర్టిఫికెట్ గడువు 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులకు మించకూడదన్నారు. బ్రౌజర్ల, అథారిటీల ఉమ్మడి వేదిక 2025 ఏప్రిల్‌లో దాన్ని ఇంకా కుదించింది. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. ఏడాదికి ఒకసారి కొత్తది వేయించడానికే ఫైలు కదలని కార్యాలయాలు నెలన్నరకోసారి ఎలా వేయిస్తాయి? గడువుకు ముందే యంత్రమే కొత్తది తెచ్చుకునే పద్ధతి 2019 నుంచే ప్రమాణంగా ఉంది, డబ్బు ఖర్చు కూడా లేదు. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు అది ఒక ల్యాబ్ పూట పని. చేయించాలన్న పట్టింపు ఉండాలి.

అందాకా నోటిఫికేషన్లలో ఒక్క వాక్యం కలిపితే బాగుంటుంది: ఫీజు పేజీ సర్టిఫికెట్ చెల్లని గంటల మేరకు ఫీజు గడువు దానంతటదే పొడిగింపు. ఆలస్య రుసుము అనే మాట మన అధికారులకు బాగా అలవాటే. ఆలస్యం వాళ్లదైనప్పుడు దాన్ని ఎవరి దగ్గర వసూలు చేయాలో మాత్రం ఇంకా ఎవరూ రాసిపెట్టలేదు.